నలభై అంగుళాల ఆఫీసరు

ఆ పొద్దున్న టైలరు మేస్త్రీ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. షాపు తలుపు తీయాలి. కుట్టుమిషనుకు నూనె వేయాలి. పది గంటలకి ఫైర్‌స్టేషను నుంచి పధ్నాలుగు మంది వస్తే, వాళ్ల కొలతలు తీస్తున్నంత సేపూ నోరు మెదపకుండా కూర్చోవాలి. మొదటి రెండూ ముప్పై ఎనిమిదేళ్లుగా చేస్తున్న పనులే. మూడోదే కొత్త.

మామూలుగానే ఆయన మాటలు తక్కువ మనిషి. "జేబు ఒకటా రెండా?" "ఎప్పటికి కావాలి?" ఈ రెండు ప్రశ్నలతో చాలామందికి జీవితాంతం బట్టలు కుట్టేశాడు. కానీ కొలతల దగ్గర ఊరుకోవడం వేరే సంగతి. మనిషి గడప దాటుతుండగానే నడుమెంతో ఛాతీ ఎంతో ఆయన కంటికి తెలిసిపోతుంది. టేపు చుట్టేది వచ్చినవాడి తృప్తి కోసం.

అలాంటి కన్ను నెల కిందట తప్పింది. హెడ్మాస్టరు గారి చొక్కాకి ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి అయింది. ఆయన తిట్టినా బావుండేది. "పర్వాలేదులే మేస్త్రీ, వయసు మీద పడుతోంది కదా" అని జాలిగా చొక్కా మడిచి ఇచ్చాడు. ఆ జాలి మేస్త్రీకి సూది మొనలా దిగబడిపోయింది. ఆ మధ్యాహ్నం అన్నం కలుపుతూ భార్యతో ఒకే మాట అన్నాడు. "స్టేషను బట్టలు కూడా చెడితే కత్తెర కింద పెట్టేస్తా."

ఫైర్‌స్టేషను యూనిఫారాలు పాతికేళ్లుగా ఆయనవే. పదకొండు రోజుల్లో పై ఆఫీసరు తనిఖీకి వస్తోంది. ఆ రోజుకి పధ్నాలుగు జతలూ సిద్ధం కావాలి.

ఆయన కొడుకు దారం కంటే సిరా నయమని ప్రింటింగు ప్రెస్సులో చేరాడు. కత్తెర పట్టింది కోడలు. రెండేళ్లలో పని నేర్చింది, మూడో ఏడు మామగారికి మర్యాదగా సలహాలివ్వడం మొదలుపెట్టింది.

"మామయ్యా, ఇప్పుడు యాప్‌లు వచ్చాయి. మనిషిని ఎదురుగా ఒక ఫోటో, పక్కగా ఒక ఫోటో తీస్తే చాలు, కొలతలన్నీ అదే చెప్పేస్తుంది. ఈసారికి మీ కళ్లకి కాస్త విశ్రాంతి ఇద్దాం. కత్తిరింపు ఎలాగూ మీదే."

కళ్లకి విశ్రాంతి. మేస్త్రీ ఆ రెండు మాటలూ నములుకుంటూ చాలాసేపు మిషను తొక్కాడు. చివరికి ఆపి అన్నాడు. "సరే. చేస్తే సాంతం చేద్దాం. ఫోను ఎంతంటే అంత. నూలుపోగంత కూడా మార్చను, మాట్లాడను."

ఆయన మాటంటే మాటే. అసలు గొడవంతా అక్కడే ఉంది.

పది గంటలకి ఎర్ర బండి షాపు ముందు ఆగింది. పధ్నాలుగు మంది దిగారు. ముందు ఆఫీసరు, చివర డ్రైవరు. డ్రైవరు బండి నడుపుతుంటే బయటి నుంచి చూసేవాళ్లకి టోపీ ఒక్కటే కనబడుతుంది. ఆయన్ని స్టేషనులో అందరూ "గుప్పెడు" అని పిలుస్తారు.

షాపులో అప్పటికే ముక్కాలిపీట మీద మేస్త్రీ తోడల్లుడు కూర్చుని ఉన్నాడు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. స్తంభాలెక్కే పని పోయాక ఆయనకి మిగిలింది అభిప్రాయాలే.

"అన్నయ్యా, ఫోనుతో కొలతలేమిటి? ఎండాకాలం కరెంటు తీగలు కిందికి ఎందుకు వేలాడతాయో తెలుసా? వేడికి లోహం సాగుతుంది. ఫోను కాసేపు వాడితే పెనంలా కాలుతుంది. లోపల అంకెలు సాగవూ?"

"చిన్నమామయ్యా, అంకెలు లోహం కాదు" అంది కోడలు.

"మరి దేంతో చేస్తారమ్మా? ఆ ముక్క చెప్పు చూద్దాం."

కోడలు ఆ ముక్క చెప్పలేదు. ఆమెకి వేరే పని ఉంది. మనిషి పక్కన పొడవు తెలిసిన వస్తువు ఏదైనా ఉంచి, దాని పొడవెంతో చెబితే, ఆ లెక్కన యాప్ మనిషిని కొలుస్తుంది. నిలువుటద్దం పక్కన మేకుకి మేస్త్రీ టేపు వేలాడుతోంది. దాని పై కొసకి ఎర్ర గుడ్డ పట్టీ కుట్టి ఉంది. ఆ పట్టీతోనే మేకుకి తగిలిస్తారు. కోడలికి తన టేపు సొరుగులో ఉంది. కానీ పెద్దాయన టేపు కళ్ల ముందుండగా ఇంకోటి తీయడం బావుండదనిపించింది. ఒక్కొక్కరినీ దాని పక్కనే నిలబెట్టింది. "వస్తువు పొడవు?" అని ఫోను అడిగితే "అరవై అంగుళాలు" అని నొక్కింది. టేపు కింది కొస మీద అరవై అనే ఉంది మరి.

మేస్త్రీ అటు వీపు పెట్టి కూర్చున్నాడు. చూస్తే మాట్లాడాల్సొస్తుందని ఆయన భయం.

మొదట ఆఫీసరు నిలబడ్డాడు. ఫోను రెండుసార్లు క్లిక్‌మంది.

"నడుము నలభై" అంది కోడలు.

కుట్టుమిషను చక్రం ఆగిపోయింది. ఆఫీసరు గడప దాటుతున్నప్పుడే మేస్త్రీ కన్ను ముప్పై ఎనిమిది అని చెప్పేసింది. ఆయన నోరు తెరిచాడు. ఇచ్చిన మాట గుర్తొచ్చి మూశాడు. అంతకంటే ఘోరమైన సంగతి ఆ తర్వాత తోచింది. ఫోనుకి వయసు మీద పడదు. అంటే రెండంగుళాలు తప్పింది తన కన్నే.

ఆఫీసరు మొహం కూడా వాడిపోయింది. "పోయినేడు మేస్త్రీ ముప్పై ఎనిమిదే అన్నాడు కదమ్మా?"

"అప్పుడు చేత్తో కొలిచారు సార్. ఇది సైన్సు."

సైన్సు అనేసరికి ఆఫీసరు బెల్టు సర్దుకుని పక్కకి జరిగాడు. వాళ్ల శాఖలో ఒక నియమం ఉంది. నడుము నలభైకి చేరితే నిచ్చెన ఎక్కనివ్వరు, బల్ల ముందు కూర్చోబెట్టి కాగితాలు రాయిస్తారు. ఇరవై ఏళ్లు నిప్పులోకి దూకిన మనిషికి ఆ బల్ల తలుచుకుంటేనే చెమటలు పట్టాయి.

తర్వాతి వాళ్లదీ అదే కథ. ముప్పై ఆరు అనుకున్నవాడు ముప్పై ఎనిమిదికి దగ్గరపడ్డాడు. ముప్పై ఎనిమిది అనుకున్న ఇంకో ఇద్దరు నలభైలో తేలారు. షాపులో పొట్టలు లోపలికి లాక్కుంటున్న చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు. ఒక్క డ్రైవరు దగ్గరే వేరే రకం చప్పుడైంది.

"ఎత్తు అయిదడుగుల ఆరు" అంది కోడలు.

"మళ్లీ చెప్పమ్మా."

"అయిదడుగుల ఆరంగుళాలు."

డ్రైవరు ఎత్తు అయిదడుగుల మూడు. ముప్పై ఏళ్లుగా అంతే. ఆయన మెల్లగా అద్దం వైపు తిరిగి, అందులో ఉన్న మనిషికి తలాడించాడు. "నేననుకుంటూనే ఉన్నాను. పొద్దున పూట వెన్నుపూస సాగుతుందని పేపర్లో వేశారు. అంతరిక్షంలోకి వెళ్లినవాళ్లు కూడా పెరుగుతారట."

"నువ్వెప్పుడెళ్లావు రా అంతరిక్షానికి?" అన్నాడు ఆఫీసరు కోపంగా.

"బండి స్పీడు మీరు చూడలేదా సార్?"

ఆ సాయంత్రమే ఆఫీసరు స్టేషనులో అందరినీ వరసగా నిలబెట్టాడు. పదకొండు రోజులు. పొద్దున్నే అయిదు మైళ్ల పరుగు. నూనెలో వేగిన వస్తువు స్టేషను గేటు దాటి లోపలికి రాకూడదు. టీలో చక్కెర నిషేధం. "కంటితో చూస్తే పైపై కొవ్వే కనబడుతుంది. ఫోను లోపలి కొవ్వు కూడా లెక్కేస్తుంది. దాన్ని మోసం చేయలేం. తనిఖీ నాటికి నాతో సహా ఒక్కడు కూడా నలభైలో ఉండకూడదు" అన్నాడు. ఆయన పట్టుబడితే నిప్పయినా లొంగాల్సిందే.

మర్నాటి నుంచి పొద్దున్నే షాపు ముందు నుంచి పధ్నాలుగు మంది రొప్పుతూ వెళ్లడం మొదలైంది. మేస్త్రీ మెట్లు ఊడుస్తూ చూసేవాడు. అయిదో రోజుకి ఆయన కన్ను ఆఫీసరుకి ముప్పై ఏడు అంది. తొమ్మిదో రోజుకి ముప్పై ఆరు అంది. "పాపం, దీనికి పూర్తిగా మతి పోయింది" అనుకుని మేస్త్రీ తన కన్ను గురించి దిగులుపడ్డాడు.

లోపలికొచ్చి సుద్దతో నలభైకి గీత గీసేవాడు. చెయ్యి ముప్పై ఎనిమిది వైపు లాగేది. దాన్ని బలవంతాన వెనక్కి తెచ్చి నలభై మీదే కత్తిరించేవాడు. ఎద్దుని కాడికి కట్టినట్టు తన చేతిని ఫోనుకి కట్టేశాడు.

కాజాలు, గుండీలు ఆయన భార్య పని. ఆవిడ వెనకింట్లో కిటికీ దగ్గర కూర్చుని చేసుకుంటుంది, షాపులోకి రాదు. ఆఫీసరు ప్యాంటుని ఎత్తి పట్టుకుని చూసింది. "ఏవండీ, ఇందులో ఇంకో మనిషిక్కూడా చోటుంది."

"ఫోను చెప్పింది."

"ఫోను తొడుక్కుంటుందా ఏమిటి?"

ఆయన ఇంకో ప్యాంటు ముందుకి జరిపాడు. ఆవిడ నిట్టూర్చి గుండీ కుట్టింది.

తనిఖీ రోజు రానే వచ్చింది. పై ఆఫీసరు నాలుగింటికి వస్తుంది. పొద్దున తొమ్మిదింటికి కోడలు బట్టలు స్టేషనులో ఇచ్చి వచ్చింది. అక్కడ పధ్నాలుగు మందీ ఉత్సాహంగా తొడుక్కున్నారు. తొడుక్కున్న ప్యాంట్లు తొడుక్కున్నట్టే కిందికి దిగాయి. ఆఫీసరు బెల్టు బిగించాడు. చివరి రంధ్రం దాటినా బెల్టు వదులుగానే ఉంది. గుడ్డ నడుం చుట్టూ కుచ్చిళ్లు పడింది. "ఇదేం కుట్టు?" అని ఆయన అరిచేలోపే గంట మోగింది. బజారు వెనక చెత్తకుప్ప అంటుకుంది.

గంట మోగితే బట్టలు మార్చుకోవడం అనే మాటే ఉండదు. పధ్నాలుగు మందీ ఉన్నఫళంగా బండెక్కారు.

ఆ చెత్తకుప్ప చిన్నదే. అయినా దాన్ని ఆర్పడానికి ముప్పావు గంట పట్టింది. నీళ్ల గొట్టం పట్టుకోవడానికి రెండు చేతులు కావాలి, ప్యాంటు పట్టుకోవడానికి ఒకటి. అందుకని ఒక్కో గొట్టానికి నలుగురేసి నిలబడాల్సి వచ్చింది. డాబాల మీద నుంచి చూస్తున్న జనం మొదట నవ్వాపుకున్నారు, తర్వాత ఆపుకోలేదు. డ్రైవరు ప్యాంటు కాళ్లు మడమల కింద పడి అడుగడుక్కీ తట్టుకున్నాడు. పెరిగిన మూడంగుళాలూ అక్కడే ఉన్నాయి.

అటునుంచి బండి నేరుగా టైలరు షాపు ముందుకే వచ్చి ఆగింది. పధ్నాలుగు మంది మసి మొహాలతో, రెండు చేతులా నడుములు పట్టుకుని దిగారు.

"ఏంటమ్మా ఇది?" ఆఫీసరు కోడలి వైపు తిరిగాడు. "పరిగెత్తి తగ్గాం, ఒప్పుకుంటాను. పాత ప్యాంటు రెండు అంగుళాలు వదులైతే కొత్తది నాలుగు వేలాడుతుందా?"

"ఫోను చెప్పినట్టే కుట్టాం సార్." కోడలు సొరుగు లాగింది. "రాసిన కాగితం కూడా ఉంది. మామయ్య ఒక్క పోగు మార్చలేదు."

తోడల్లుడు ముక్కాలిపీట మీది నుంచి లేచి నిలబడ్డాడు. పదకొండు రోజులుగా ఆయన ఎదురుచూస్తున్న ఘడియ ఇది. "నేను మొదటిరోజే మొత్తుకున్నాను. వేడికి సాగుతుందని. వింటేగా!"

"ఆ ఫోను తీసికెళ్లి నూతిలో పడెయ్యమ్మా" అన్నాడు ఆఫీసరు. "నాలుగింటికి మేడమ్ వస్తుంది. పాతవి చూస్తే మోకాళ్ల దగ్గర కాలిపోయి ఉన్నాయి. ఇవి చూస్తే జారిపోతున్నాయి. దేంతో సెల్యూట్ కొట్టాలి నేను?"

 మేస్త్రీ కత్తెర బల్ల మీద ఉంది. దాన్ని సొరుగులో పెట్టి తాళం వేయాలా, చేతిలోకి తీసుకోవాలా అన్నట్టు ఒక్క క్షణం చూశాడు. తర్వాత తీసుకున్నాడు.

"అయిదు గంటల టైముంది" అన్నాడు. "ఒక్కొక్కరే రండి. ఇస్త్రీ చేయడం ఎవరికొచ్చు?"

డ్రైవరు చెయ్యెత్తాడు.

"పెట్టె వేడెక్కించు. అమ్మాయ్, వెనక కుట్లు విప్పు. ఏమే, సూదులు పట్టుకుని ఇటు రా, కిటికీ తర్వాత."

ఆయన మేకు మీది టేపు తీశాడు. ఆఫీసరు నడుం చుట్టూ చుట్టి ఎర్ర పట్టీ అంచు దగ్గర బిగించాడు. "ముప్పై ఆరు" అన్నాడు.

పక్కనే కుట్లు విప్పుతున్న కోడలు ఊరికే తలెత్తి చూసింది. "మామయ్యా, టేపు మీద ముప్పై తొమ్మిది కదా ఉంది?"

"మూడు తీసెయ్యాలమ్మా" అన్నాడు మేస్త్రీ, ఊపిరి పీల్చినంత మామూలుగా.

అని ఆగిపోయాడు. ఆయన భార్య నోట్లో పెట్టుకున్న సూది తీసి చేత్తో పట్టుకుంది. కొడుకు పుట్టిన ఏడాది, పిల్లాడు ఏడిస్తే ఎత్తుకోవడానికి పరిగెత్తుతూ ఇస్త్రీ పెట్టెని ఆ టేపు మీద వదిలేసింది ఆవిడే. మొదటి మూడంగుళాలూ మాడిపోతే కత్తిరించి, ఆ కొసకి ఎర్ర గుడ్డ కుట్టింది కూడా ఆవిడే. కొత్తది కొందామంటే మేస్త్రీ వద్దన్నాడు. చేతికి అలవాటైన టేపు, మూడు తీసేస్తే పోలా అన్నాడు. అప్పటి నుంచి మూడు దగ్గర మొదలయ్యే టేపుతో ఊరందరికీ సరిగ్గా కుట్టాడు. తీసేసేది మనసులో, పైకి చెప్పేది అసలు అంకె. రాసుకునే కోడలికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచనంత పాతబడిపోయింది అది.

కోడలు టేపునీ మేకునీ ఫోనునీ చూసింది. "మరి నేను అరవై అని..." అంది. 

అరవై అని రాసి ఉన్న ఆ టేపు పొడవు యాభై ఏడు. ఫోనుకి అరవై అని చెప్పారు. అది పాపం నమ్మింది.

మేస్త్రీకి మొదట కలిగింది సిగ్గు కాదు. ఆఫీసరు అప్పుడు ముప్పై ఎనిమిదే. ఇప్పుడు ముప్పై ఆరే. పదకొండు రోజులూ తన కన్ను ఒక్క అంగుళం తప్పలేదు! ఆ సంతోషానికి చేతిలో సుద్ద విరిగింది.

బయట తోడల్లుడు మిగతావాళ్లని చుట్టూ చేర్చుకుని తీగలూ వేడీ గురించి చెబుతున్నాడు. "ఎంతైనా మేస్త్రీ చెయ్యి మేస్త్రీ చెయ్యే. ఆ పిల్ల ఫోనొచ్చి కొంప ముంచింది" అని ఎవరో అన్నారు. మేస్త్రీ ఊరుకుంటే చాలు, సంగతి అలాగే నిలిచిపోతుంది. ఊరుకోవడం ఆయనకి కొత్త కూడా కాదు. కోడలు తల వంచుకుని కుట్లు విప్పుతోంది. కళ్లలో నీళ్లు గుడ్డ మీద పడకుండా భుజంతో తుడుచుకుంటోంది.

ఆయన టేపు పట్టుకుని గడప మీదికి వెళ్లాడు.

"ఫోనుది తప్పు కాదు" అన్నాడు గట్టిగా. "అమ్మాయిదీ కాదు. ఈ టేపుకి మూడంగుళాలు లేవు. పాతికేళ్ల పైనుంచీ లేవు. కొత్తది కొనలేదు నేను. ఫోనుకి ఎంత చెబితే అంత కొలిచింది."

అది ఆయన జీవితంలో చేసిన అతి పొడుగైన ఉపన్యాసం. 

"అంటే" ఆఫీసరు మెల్లగా అడిగాడు, "నేను నలభై ఎప్పుడూ లేనా?"

"లేరు సారు."

"మరి అయిదు మైళ్లు? చక్కెర?"

మేస్త్రీ నేల చూపులు చూశాడు.

"వేడికి కాదంటావా అన్నయ్యా?" అన్నాడు తోడల్లుడు నిరాశగా.

"ఇస్త్రీ పెట్టె వేడికే" అంది మేస్త్రీ భార్య లోపలి నుంచి. తోడల్లుడు ఆ మాట పట్టుకుని గర్వంగా మళ్లీ కూర్చున్నాడు.

తర్వాత నాలుగున్నర గంటలు ఆ షాపులో ఒక్క అనవసరమైన మాట వినబడలేదు. మేస్త్రీ కొలిచాడు, కోడలు విప్పి కత్తిరించింది, భార్య టాకాలు వేసింది, మేస్త్రీ మిషను మీద పరిగెత్తాడు. పధ్నాలుగు మందీ టవళ్లు చుట్టుకుని బెంచీల మీద బడిపిల్లల్లా కూర్చున్నారు. చివరి ప్యాంటు కాళ్లు మడిచి కుట్టేసరికి మూడూ నలభై. అది డ్రైవరుది. అయిదడుగుల మూడుకి మళ్లీ దిగుతున్నప్పుడు ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

నాలుగింటికి పై ఆఫీసరు వచ్చింది. వరస చివరిదాకా నడిచి వెనక్కొచ్చింది. "ఇక్కడికి రాకముందు పదహారు స్టేషన్లు చూశాను. పొట్ట లేని స్టేషను ఇదే. బట్టలు కూడా ఒంటికి పోతపోసినట్టున్నాయి. ఎలా సాధించారు?"

ఆఫీసరుకి అబద్ధం చెప్పడం రాదు, నిజం చెప్పే ధైర్యం లేదు. "మా టైలరు దగ్గర ఫోనుతో కొలిపించాను మేడమ్" అన్నాడు.

వారం తిరిగేసరికి ఉత్తర్వు వచ్చింది. మిగతా పదహారు స్టేషన్ల వాళ్లందరూ ఆ షాపులోనే, ఆ ఫోనుతోనే కొలతలు ఇచ్చుకోవాలి. ఆ సాయంత్రం ఆఫీసరు ఒంటరిగా వచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మేస్త్రీ, వాళ్లు వచ్చినప్పుడు కూడా మేకు మీద ఆ పాత టేపే ఉంచు. మేమొక్కళ్లమే పరిగెత్తడం న్యాయం కాదు."

"ఉంచను సారు" అన్నాడు మేస్త్రీ.

మేకు మీదికి కొత్త టేపు వచ్చింది. మనిషి గడప దాటగానే మేస్త్రీ ఒక అంకె అంటాడు, ఫోను ఒక అంకె అంటుంది, రెండూ ఒకటైతే కోడలు రాసుకుంటుంది. ఇప్పటిదాకా రెండూ ఒకటే. హెడ్మాస్టరు చొక్కా చెయ్యి తన తప్పేనని మేస్త్రీ ఒప్పుకుని ఇంకో చొక్కా కుట్టి ఇచ్చాడు. పాత టేపుని మాత్రం పారేయకముందే డ్రైవరు అడిగి పట్టుకెళ్లాడు. స్టేషనులో అందరినీ కొత్త టేపుతోనే కొలుస్తారు, ఆయన ఎత్తు ఒక్కటీ పాతదాంతో.